దీపాలు వెలిగితే మూగబోయే హార్న్

1979 సెప్టెంబరు 18, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మా రవాణా మేనేజరు నన్ను తన గదికి పిలిపించారు. ఒక పాత కారు హార్న్‌ను పరీక్షించి, గురువారం మధ్యాహ్నం లోపల రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలని ఆదేశించారు. నేను జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లోని ఒక ఇంజనీరింగ్ కర్మాగారపు గ్యారేజీలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి అప్పటికి పది నెలలయింది. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. అంటే ఏడాది నిండాక పై అధికారి తృప్తిగా నాలుగు మాటలు రాస్తేనే అది ఖాయమవుతుంది.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా చేతికి వచ్చిన రోజు నుంచి ఆ పట్టాకు తగినట్టు మాట్లాడాలని, తగినట్టు రాయాలని నేను చాలా శ్రద్ధ తీసుకునేవాణ్ణి. ఆ శ్రద్ధ కొన్నిసార్లు అవసరానికి మించి ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

విషయం ఇది. ముందు రోజు, సోమవారం సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, ఆ పాత కారు, అంటే వచ్చినవారి కోసం ఉంచిన మా అతిథి కారు, రైల్వే స్టేషనులో ఒక పెద్దమనిషిని దించి ఖాళీగా తిరిగివస్తోంది. వాన పడుతోంది. మా గేటు దగ్గరి మలుపులో ఆ కారు ఒక సైకిలు వెనక చక్రాన్ని తాకింది. సైకిలు మీద ఉన్నది మా మెషిన్ షాపు టర్నరు మహతో. మోచెయ్యి గీరుకుపోయింది, చక్రం వంగిపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. కారు నడిపిన డ్రైవరు అప్పలస్వామి గారు, తాను నాలుగుసార్లు హార్న్ నొక్కాననీ అది ఒక్కసారి కూడా మోగలేదనీ చెప్పారు. హార్న్ వినపడలేదని మహతో కూడా చెప్పాడు. కాని నొక్కనిదీ, నొక్కినా మోగనిదీ వినేవాడికి ఒకటే కదా.

అప్పలస్వామి గారు మా జిల్లావారే. వయసు యాభై ఏడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదం కూడా లేదు. పదవీ విరమణకు ఎనిమిది నెలలుంది. తన తప్పువల్ల ప్రమాదం జరగకుండా సర్వీసు ముగించిన డ్రైవరుకు మా కర్మాగారం ఒక ధ్రువపత్రం ఇచ్చేది. బిర్సానగర్‌లోని ఒక బడివారు తమ పిల్లల బస్సు నడపడానికి ఆయనను అడిగారు, కాని ఆ పత్రం చూపించాలని షరతు పెట్టారు. హార్న్‌లో లోపం లేదని తేలితే నిర్లక్ష్యం కింద ఆయనకు చార్జిషీటు వస్తుంది, ఆ పత్రం రాదు. అంటే ఆ పత్రం నా నివేదిక మీద ఆధారపడి ఉంది.

ఆయనకు వ్యతిరేకంగా ఒక బలమైన సాక్ష్యం కూడా ఉంది. ఆ సోమవారమే విశ్వకర్మ పూజ. జంషెడ్‌పూర్ ప్రాంతంలో పనిచేసినవారికి దాని గురించి చెప్పనక్కరలేదు, ఇతరుల కోసం రెండు మాటలు రాస్తాను. సెప్టెంబరు పదిహేడున ప్రతి కర్మాగారంలోనూ, గ్యారేజీలోనూ, చివరికి సైకిలు మరమ్మతు దుకాణంలోనూ పనిముట్లకు పూజ చేస్తారు. వారం ముందు నుంచే యంత్రాలనూ బళ్ళనూ కడిగి, తుప్పు గీకి, కొత్త రంగు వేస్తారు. మా గ్యారేజీలో ఇంకొక ఆచారం ఉండేది. కొబ్బరికాయ కొట్టగానే పన్నెండు బళ్ళలోనూ డ్రైవర్లు కూర్చుని ఒకేసారి హార్న్‌లు మోగించేవారు. సోమవారం ఉదయం పది గంటలకు ఆ పాత కారు హార్న్ అన్నిటికంటే గట్టిగా మోగింది. యాభై మంది విన్నారు. నేనూ విన్నాను.

ఆ కారు గురించి నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. పూజకు ముందు అధికారులు కూడా తలా ఒక బండి తీసుకుని తమ చేతులతో కొంత రంగు వెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. మేనేజరు గారు తన జీపు ముందు భాగాన్ని ఎన్నుకున్నారు. కొత్తవాణ్ణి కనుక నాకు అతిథి కారు ముందు భాగం ఇచ్చారు. శనివారమంతా దాని దగ్గరే గడిపాను. గ్రిల్ తీసి, హార్న్‌లు తీసి, వాటిని పట్టి ఉంచే ఇనప పట్టీలు కూడా విప్పి, నల్ల ఎనామిల్ రంగు రెండు కోట్లు వేసి, ఆరబెట్టి మళ్ళీ బిగించాను. బళ్ళు బాగుచేసే మా మిస్త్రీ రామ్‌దేవ్ గారు అటుగా వెళ్తూ ఆగి చూసి, పెళ్ళికొడుకులా ఉందని మెచ్చుకున్నారు.

మంగళవారం పని మొదలుపెట్టాను. ముందుగా డ్రైవరు వాంగ్మూలం తీసుకోవాలి. ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్నాను. ఆ తరువాత పరీక్షలు. ఫ్యూజు బాగానే ఉంది. హార్న్‌ను విప్పి బల్ల మీద పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపితే మోగింది. రిలే, అంటే స్టీరింగు మీది మీట పంపే చిన్న కరెంటుతో హార్న్‌కు పెద్ద కరెంటును వదిలే పెట్టె, నొక్కిన ప్రతిసారీ టిక్కుమంది. మీట కింది రాగి కాంటాక్టులు శుభ్రంగా ఉన్నాయి. తీగల తొడుగు ఎక్కడా చిట్లలేదు. అన్నీ తిరిగి బిగించి ఇరవైసార్లు నొక్కాను. ఇరవైసార్లూ మోగింది. చివరి నాలుగైదుసార్లు గ్యారేజీలో మిగిలినవారు పని ఆపి నా వైపు విసుగ్గా చూడటం కూడా గమనించాను.

మంగళవారం సాయంత్రానికి నివేదిక చిత్తుప్రతి సిద్ధమయింది. అక్షరం అక్షరం సరిచూసి రాసిన ఆ ప్రతి సారాంశం ఒక్కటే. హార్న్‌లోనూ దాని వలయంలోనూ ఏ లోపమూ కనపడలేదు.

బుధవారం ఉదయం వాంగ్మూలం మీద సంతకం కోసం అప్పలస్వామి గారిని పిలిచాను. సంతకం పెట్టించుకుంటే చాలు, చదివి వినిపించాలన్న నియమం లేదు. అయితే మా నాన్నగారు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసే ముందు నా చేత పైకి చదివించుకునేవారు. ఆ అలవాటు కొద్దీ నేను రాసిన ఇంగ్లీషును వాక్యం తరువాత వాక్యం తెలుగులో చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని ఆసాంతం విన్నారు.

"అంతా బాగానే ఉంది బాబు. గానీ నాను సెప్పినదాంట్లో ఒక ముక్క ఒగ్గేసినారు," అన్నారు.

ఏ ముక్క అని అడిగాను.

"బత్తీలు కునుకేసినాయని సెప్పినాను కాదేటి. హారన్ నొక్కినప్పుడల్లా లైట్లు కునుకేసీవి, సెయ్యి తీత్తే లేచీవి. నాలుగుపాల్లూ అలగే అయినాది."

ఆయన ఆ మాట మంగళవారమే చెప్పారు. నాకు గుర్తుంది. హార్న్ గురించి అడిగితే దీపాల గురించి చెబుతున్నారనీ, పైగా దీపాలు కునుకు వెయ్యడాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియడం లేదనీ, అది అప్రస్తుతమనీ అనుకుని వదిలేశాను. ఇప్పుడు రెండోసారి వినేసరికి కుర్చీలోంచి లేచాను. ఒక మీట నొక్కితే దానితో సంబంధం లేని దీపం మసకబారుతోందంటే, ఆ రెండింటికీ ఎక్కడో ఒక దారి ఉమ్మడిగా ఉందని అర్థం. కళాశాలలో ఇది నాకు రెండో సంవత్సరంలోనే చెప్పారు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. పూజ ఉదయం పదింటికి జరిగింది. నా పరీక్షలన్నీ పగలే జరిగాయి. సైకిలును తాకింది మాత్రం వానలో, సాయంత్రం ఆరింటికి. ఆ హార్న్‌ను దీపాలు వెలిగించి ఎవరూ నొక్కి చూడలేదు. యాభైమంది సాక్షులలో ఒక్కరు కూడా చూడలేదు.

ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. రామ్‌దేవ్ మిస్త్రీ గారిని కూడా పిలిచాను. అప్పలస్వామి గారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ముందు దీపాలు ఆర్పి హార్న్ నొక్కమన్నాను. మోగింది. తరువాత దీపాలు వెలిగించి నొక్కమన్నాను. ఎదురుగా గోడ మీద పడుతున్న రెండు వెలుతురు వలయాలూ చిన్నబోయాయి. బానెట్ లోపల నుంచి టిక్ అని ఒక చిన్న చప్పుడు వచ్చింది. హార్న్ మోగలేదు.

మళ్ళీ నొక్కమన్నాను. మళ్ళీ టిక్. అప్పలస్వామి గారు నేను అడగకుండానే మరో మూడుసార్లు నొక్కి, కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఇనబడ్డాదా బాబు? మొన్న సాయంత్రం నాకు ఇనబడ్డాది ఈ సప్పుడే."

పూజ అయ్యాక హార్న్ కూడా సెలవు పెట్టిందని మిస్త్రీ గారు హిందీలో అన్నారు. ముగ్గురం నవ్వాం. కాని కారణం ఇంకా తేలలేదు.

ఇక్కడ వాహనాల వైరింగు గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో దీపానికి రెండు తీగలుంటాయి, ఒకటి కరెంటు రావడానికి, ఒకటి పోవడానికి. మోటారు బండిలో బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే తీగ మాత్రమే పొడవునా ఉంటుంది. కరెంటు తిరిగివచ్చే దారి బండి ఇనప శరీరమే. దీన్ని ఎర్త్ అంటారు. ఆ పాత కారులో ముందు దీపాల నుంచి, హార్న్‌ల నుంచి వచ్చే నల్ల తీగలన్నీ రేడియేటరు పక్కన ఒకే ఇనప పట్టీ మీద, ఒకే బోల్టు కింద కలిసి శరీరంలోకి దిగుతాయి. ఆ బోల్టు దగ్గర ఆటంకం ఉంటే ఒక్క హార్న్ కరెంటు ఎలాగో వెళ్ళిపోతుంది. దీపాల కరెంటు కూడా తోడైతే రెండూ కలిసి ఆ ఇరుకు దారిలో నలిగిపోతాయి.

ఓల్ట్ మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ కొనకు, రెండో కొసను ఆ బోల్టు తలకు ఆనించాను. దారి సరిగా ఉంటే ముల్లు కదలకూడదు. హార్న్ ఒక్కటే నొక్కితే ముల్లు రెండు ఓల్టుల దాకా వచ్చింది. దీపాలు వెలిగించి నొక్కితే అయిదు దాటింది. పన్నెండు ఓల్టుల బ్యాటరీలో అయిదు ఆ బోల్టు దగ్గరే ఖర్చయిపోతే హార్న్‌కు మిగిలేది ఏడు. లోపలి రేకును కదిలించడానికి అది చాలదు, టిక్కుమనడానికి మాత్రం చాలుతుంది.

మిస్త్రీ గారు స్పానరు వేసి బోల్టు విప్పారు. పట్టీని తీసి వెలుతురుకు పట్టుకున్నారు. తీగల కొనలు ఆనే చోట, పట్టీ శరీరానికి ఆనే చోట, రెండు వైపులా నల్ల ఎనామిల్ రంగు అద్దంలా మెరుస్తోంది. రంగు కరెంటును పోనివ్వదు. కేవలం బోల్టు మరల ద్వారా ఏదో కొంచెం దారి మిగిలింది.

"సాబ్, యే తో పూజా వాలా పేంట్ హై," అన్నారు మిస్త్రీ గారు చాలా నెమ్మదిగా. ఇది పూజకు వేసిన రంగే కదా అని. ఎవరు వేశారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అప్పలస్వామి గారికీ తెలుసు. కాసేపు ముగ్గురం ఆ పట్టీని చాలా ఆసక్తికరమైన వస్తువులా చూస్తూ నిలబడ్డాం.

మిస్త్రీ గారు దయగల మనిషి. పదినెలల ఇంజనీరు ఉద్యోగం ఎంత పలచనిదో ఆయనకు తెలుసు. తాను ఆకురాయితో అయిదు నిమిషాల్లో ఆ రంగు గీకేస్తాననీ, ఎర్త్ దగ్గర తుప్పు పట్టిందని రాస్తే సరిపోతుందనీ, ఇరవై ఏళ్ళ బండికి వానాకాలంలో తుప్పు పట్టడం వింత కాదనీ చెప్పారు. హార్న్‌లో లోపం ఉన్నట్టే తేలుతుంది, నా పేరు రాదు.

ఆ మాట నాకు నచ్చలేదని అంటే అది అబద్ధం. ఒక నిమిషం పాటు చాలా బాగా నచ్చింది. ఇంతలో అప్పలస్వామి గారు కూడా దానికే వత్తాసు పలికారు.

"తుప్పని రాసీయండి బాబు. నాకింక ఎనిమిది నెలలు. మీకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది. కొత్తల్లోనే ఫైలు మీద మచ్చ దేనికి?"

అప్పుడే నాకు తనిఖీ పుస్తకం గుర్తొచ్చింది. మా డ్రైవర్లు ప్రతి ఉదయం బండి తీసే ముందు బ్రేకులు, దీపాలు, హార్న్, ఎర్త్ తీగలు చూసి, బాగున్నాయని ఒక పుస్తకంలో సంతకం పెట్టాలి. తుప్పు ఒక్క రోజులో పట్టదు. తుప్పు అని రాస్తే, నెలల తరబడి ఆ లోపాన్ని చూడకుండా డ్రైవరు సంతకాలు పెడుతూ వచ్చాడని అర్థం వస్తుంది. మేనేజరు గారు ఆ పుస్తకం తెప్పించకుండా ఉండరు. చార్జిషీటు ఒక కారణం నుంచి ఇంకో కారణానికి మారుతుందే తప్ప ఆగదు. రంగు అని రాస్తేనే ఆ లోపం శనివారం పుట్టిందని, అది డ్రైవరు చూడగలిగినది కాదని తేలుతుంది. ఈ సంగతి ఆయనకు వివరించాను.

ఆయన పట్టీని చేతిలోకి తీసుకుని వేలితో రంగును రుద్ది చూశారు.

"అదీ నిజిమే. నాకొచ్చిన సదువు ఆ సంతకం ఒక్కటే బాబు. దానికి తుప్పట్టించీకండి," అన్నారు. తరువాత నా ముఖం చూసి, "రంగు మాత్రం సక్కగా ఏసినారు," అని జోడించారు.

చిత్తుప్రతి చింపేసి కొత్త నివేదిక రాశాను. అందులో దీపాలు కునుకు వేశాయన్న వాక్యాన్ని అప్పలస్వామి గారి మాటల్లోనే తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు అర్థం ఇచ్చాను. మీటరు చూపిన అంకెలు వేశాను. చివరి పేరాలో, ఎర్త్ పట్టీకి రంగు వేసినది నేనే అనీ, తిరిగి బిగించేటప్పుడు స్పర్శ తలాలను శుభ్రం చెయ్యలేదనీ రాశాను. ఆ పేరా మూడు వాక్యాలే గాని తక్కిన రెండు పేజీల కంటే ఎక్కువ సమయం తీసుకుంది. బోల్టు బిగించడం మాత్రం మిస్త్రీ గారు చేశారు. రంగు గీకి, ఇనుము తెల్లగా కనపడేదాకా రుద్ది, పళ్ళ వాషరు వేసి, పైన వాజ్‌లిన్ పూశారు. ఆ తరువాత దీపాలు వెలిగించి నొక్కితే హార్న్ షెడ్డు రేకులు అదిరేట్టు మోగింది.

గురువారం పదకొండు గంటలకు నివేదిక మేనేజరు గారి చేతిలో పెట్టి నిలబడ్డాను. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి, చదివేటప్పుడు ముఖంలో ఏమీ కనపడనివ్వరు. చివరి పేరా రెండుసార్లు చదివారు. ఎన్ని కోట్లు వేశావని అడిగారు. రెండు అన్నాను. ఆయన తల ఎత్తి కిటికీలోంచి బయట నిలిపి ఉన్న తన జీపు వైపు చూశారు. ఆ తరువాత, తాను మూడు వేశానని చెప్పారు.

ఆ మధ్యాహ్నమే పన్నెండు బళ్ళనూ షెడ్డు ముందు వరసగా నిలిపించారు. పూజ రోజున జరిగిన కార్యక్రమమే మళ్ళీ జరిగింది, ఈసారి దీపాలు వెలిగించి. ప్రతి బండిలోకి ఎక్కి హార్న్ నొక్కే పని అప్పలస్వామి గారికి అప్పగించారు. ఆయన ఒక్కో బండి దిగి ఇంకో బండి ఎక్కుతూ, పెళ్ళిపెద్దలా నిదానంగా నడిచారు. రెండు లారీలు మోగాయి. మూడో లారీ సన్నగా మూలిగింది. నాలుగోది టిక్. మొత్తం మీద పన్నెండింటిలో అయిదు సరిగా మోగలేదు. చివర్లో మేనేజరు గారి జీపు వంతు వచ్చింది. అప్పలస్వామి గారు ఎక్కే ముందు ఆయన వైపు తిరిగి అనుమతి అడిగినట్టు చూశారు. ఆయన తల ఊపారు. టిక్.

గ్యారేజీ అంతా నేల చూపులు చూస్తోంది. ముందు నవ్వినది మేనేజరు గారే. ఆ తరువాత ఎవరూ ఆపుకోలేదు. మెషిన్ షాపు నుంచి చూడడానికి వచ్చిన మహతో, చేతికి కట్టుతోనే నిలబడి, ఇన్ని మూగ బళ్ళ మధ్య తాను ఒక్క చక్రంతో బయటపడటం అదృష్టమేనని హిందీలో అన్నాడు. డ్రైవరు కనీసం కిటికీలోంచి ఒక కేక అయినా వెయ్యవలసిందని కూడా అన్నాడు. వేశానని, వానలో వినపడలేదని అప్పలస్వామి గారు జవాబిచ్చారు. ఈ సంగతి ఆయన వాంగ్మూలంలో చెప్పలేదు. అడగలేదు కనుక చెప్పలేదట.

అప్పలస్వామి గారికి చార్జిషీటు ఇవ్వలేదు. సైకిలు చక్రం గ్యారేజీలోనే సరిచేసి మహతోకు ఇచ్చారు. నా ఫైలులో ఒక హెచ్చరిక లేఖ చేరింది, ఉద్యోగం రెండు నెలలు ఆలస్యంగా ఖాయమయింది. లేఖ చేతికి ఇస్తూ మేనేజరు గారు, అలాంటిదే తనకు తాను ఇచ్చుకోవడానికి ఫారం ఉందేమోనని వెతికించాననీ, అది లేదనీ చెప్పారు.

ఆ తరువాత ముప్పై ఏళ్ళు అదే వృత్తిలో ఉన్నాను. ఆ మూడు రోజుల నుంచి నేను నేర్చుకున్నవి రెండు. లోపం ఏ పరిస్థితిలో కనపడిందో అదే పరిస్థితిలో దాన్ని వెతకాలి. మిగిలిన పరీక్షలు ఎన్ని చేసినా అవి వేరే ప్రశ్నలకు జవాబులు మాత్రమే. రెండోది, బండి నడిపిన మనిషి చెప్పినదాన్ని చెప్పినట్టుగానే రాసుకోవాలి. అందులో ఏది అప్రస్తుతమో రాసుకునే సమయంలో మనకు తెలియదు.

అప్పలస్వామి గారు 1980 మే నెలలో ధ్రువపత్రంతో పదవీ విరమణ చేసి, జూన్‌లో బిర్సానగర్ బడి బస్సు తాళాలు తీసుకున్నారు. ఆ ఏడాది పూజ నుంచి మా గ్యారేజీలో రంగు వేసే ముందు ఎర్త్ బోల్టులన్నిటికీ గ్రీజు పూసి గుడ్డ చుట్టడం మొదలయింది. హార్న్ తనిఖీ పత్రంలో ఒక గడి ఉండేచోట రెండు వచ్చాయి. ఒకటి దీపాలు ఆర్పి, రెండోది దీపాలు వెలిగించి. వాంగ్మూలాలు చెప్పినవారి భాషలోనే రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవడం నియమమయింది.